జీర్ణవాహనములు – గృహస్థధర్మము

మా యింటి దొడ్డిలో చింతచెట్టు నీడను నాలుగేండ్లపాటు ఒక చేతక్ స్కూటరు పడియుండెను. అది మా నాయనగారు 1996లో కొన్నది. దానిమీదనే ఆయన త్రిపురారమునుండి మిర్యాలగూడకు వడ్లధర కనుగొనుటకు పోయెడివారు. దానిమీదనే నన్ను పరీక్షలకు తీసికొనిపోయి దిగవిడిచిరి. దానిమీదనే మా అమ్మను కడపటిసారి ఆసుపత్రికి కొనిపోయిరి. ఆయన గతించిన పిదప దానిని నడుపువారు లేకపోయిరి. టైరులలో గాలి పోయెను. సీటులో ఎలుకలు కాపురముండెను. అయినను ఏటేట దసరానాడు మా యింటివారు దానికి పసుపుకుంకుమలు పెట్టి నిమ్మకాయ కట్టుచునే యుండిరి. అమ్మివేయుదమని నేననినపుడెల్ల ఎవరో యొకరు కంట తడి పెట్టుకొనెడివారు. తుదకు 2022లో పాతయినుపసామాను కొనువాడు మా వీధికి వచ్చినపుడు ఎవరితోను చెప్పక దానిని పదునెనిమిది వందల రూపాయలకు ఇచ్చివేసితిని. ఆర్‌సీ కాగితమునుగూర్చి అతడు అడుగలేదు, నేనును చెప్పలేదు.

ఒక సంవత్సరము గడచినది. మిర్యాలగూడలో బియ్యపుమిల్లుల దారిని పోవుచుండగా నీటిక్యానులు మోసికొని పోవుచున్న మూడుచక్రముల విచిత్రవాహన మొకటి నా కంటబడెను. ముందుభాగము స్కూటరు, వెనుకభాగము ఇనుపతొట్టి. సంఖ్యాఫలకము మా నాయనగారిదే. నడుపువాడు ఇరువదియేండ్లలోపు యువకుడు. నాకు మొదట సంతోషము కలిగెను; వెంటనే భయము కలిగెను.

సంతోషమునకు కారణము చెప్పనక్కఱలేదు. మా నాయనగారి వస్తువు మట్టిపాలు కాక ఒక పేదవాని కడుపు నింపుచున్నది. భయము వేఱు. ఆ బండికి బ్రేకు పడునో పడదో. పడక ఎవరినైన ఢీకొన్నచో పోలీసులు వచ్చునది మా యింటికే, ఏలయన ప్రభుత్వపుస్తకములలో అది నేటికిని చనిపోయిన మా నాయనగారి పేరనే యున్నది. బండి చేతులు మాఱిన పదునాలుగు దినములలో అమ్మినవాడు తెలియజేయవలెననియు, బండి పనికిరాక విడదీయబడినచో ఆ సంగతియు పదునాలుగు దినములలో తెలిపి నమోదు రద్దు చేయించుకొనవలెననియు 1988 నాటి మోటారువాహనముల చట్టము చెప్పుచున్నది. పిల్లలకు పౌరధర్మములు బోధించు నేను ఆ రెండును చేయలేదు. అయితే నన్ను బాధించినది పోలీసుల భయము మాత్రమే యన్నచో అబద్ధమగును. ఆ యువకుని కాలు విఱిగినను, వాని యెదుట నడచు ముసలమ్మ కాలు విఱిగినను, నేను జేబులో వేసికొన్న ఆ పదునెనిమిది వందలకు దానితో సంబంధముండును గదా యని తోచినది. వస్తువును విడిచినంతనే దానిపట్ల మన బాధ్యతయు విడిపోవునా? ఇదియే చదువరుల యెదుట నేనుంచదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్న యిప్పుడు దేశమంతటికిని వచ్చినది. 2021 ఫిబ్రవరి 1వ తేదీని కేంద్రప్రభుత్వము బడ్జెటులో జీర్ణవాహనములను స్వచ్ఛందముగ తొలగించు పద్ధతిని ప్రకటించినది. ఆ సంవత్సరమే ఆగస్టు 13వ తేదీని ప్రధానమంత్రి దానిని ప్రారంభించిరి. సెప్టెంబరులో వాహనములను విడదీయు కేంద్రములకు నిబంధనలు వెలువడినవి. బాడుగబండి పదునైదేండ్లకును, సొంతబండి ఇరువదియేండ్లకును యంత్రపరీక్షకు నిలువవలెను. నిలువలేనిది దారినుండి తప్పుకొనవలెను. అట్టి బండిని నమోదైన కేంద్రమున అప్పగించినవారికి డిపాజిట్ పత్ర మొకటి యిత్తురు. దానిని చూపి క్రొత్తబండి కొన్నచో సొంతబండికి నూటికి 25 వఱకు, బాడుగబండికి నూటికి 15 వఱకు రాష్ట్రములు పన్ను తగ్గింపవచ్చును. తయారీదారులు కూడ ధరలో నూటికి 5 తగ్గింపవలెనని సలహా యిచ్చిరి. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వవాహనములకు, ఆర్టీసీ బస్సులతో సహా, నమోదు పొడిగింపు లేదు. ప్రభుత్వము పరులకు విధించు నియమమును తానే మొదట కఠినముగ పాటించుట మనదేశమున తఱుచుగ చూచునది కాదు, దీనిని మెచ్చుకొనవలెను.

2025 జనవరిలో ప్రకటింపబడి ఆ ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన పర్యావరణ నిబంధనలు ఇంకొక యడుగు ముందునకు వేసినవి. బండిని తయారుచేసి అమ్మిన కంపెనీయే దాని కళేబరమునుండి ఉక్కు తిరిగి వచ్చునట్లు చూడవలెను. చాల యేండ్లక్రిందట తాను వాడిన ఉక్కులో మొదటి యైదేండ్లు నూటికి 8 పాళ్లు, తరువాతి యైదేండ్లు 13, ఆపైన 18 పాళ్లు తిరిగి రాబట్టినట్లు లెక్క చూపవలెను. యజమానియు ఆయువు తీఱిన బండిని నూటయెనుబది దినములలో అప్పగింపవలెను. నా ప్రశ్నకు చట్టమిచ్చు సమాధాన మిదియే: అమ్మినంతమాత్రమున బాధ్యత పోదు. ఈ మాట మన సంస్కృతమునకు క్రొత్తది కాదు. చేసిన కర్మ కర్తను విడువదని తరతరములుగ వల్లించినవారమే. అది మన ఇనుపసామానునకు గూడ వర్తించునని మాత్రము మనకు తోచలేదు.

మా యూరి పేరు వినినపుడెల్ల నాకు త్రిపురసంహారకథ జ్ఞప్తికి వచ్చును. శివుడు మూడు పురములను కూల్చుటకు ఎక్కిన రథము ఎవరి సొంత రథమును కాదు. భూమియే రథము, సూర్యచంద్రులు చక్రములు, బ్రహ్మ సారథి. ఒక్క బాణముకొఱకు అంత సామగ్రి కూడినది. పని తీఱినది, భూమి భూమిగను, సూర్యుడు సూర్యుడుగను మిగిలిరి. ఆ రథమును దాచిపెట్టి పూజించిన వారెవ్వరును లేరు. ఇట్లే మాకు కొలదిదూరముననున్న నాగార్జునకొండ బౌద్ధులకు నిలయమైన స్థలము. ఆ మతమువారి మిలిందపన్హలో నాగసేనుడను భిక్షువు మిలిందరాజును అడుగును: చక్రము రథమా, ఇరుసు రథమా, నొగ రథమా? ఏదియు కాదని రాజు ఒప్పుకొనును. భాగముల కూడికకు పెట్టిన పేరే రథము. నిబంధనలు వ్రాసినవారు ఆ గ్రంథము చదివిరో లేదో గాని, బండిని విడదీసినపుడు ఛాసిస్ సంఖ్యగల ముక్కను కోసి ఆఱు మాసములు భద్రపఱుపవలెనని విధించిరి. పేరు పోయిననే గాని బండి పోయినట్లు కాదు! నేను అమ్మినది చక్రములను, ఇంజనును. పేరును మాత్రము అమ్మక ఊరకే వదలివేసితిని. చిక్కంతయు అక్కడనే వచ్చినది.

పెద్దలు వాడిన వస్తువును కరిగించుట అపచారమని తలచు గృహిణులు చాలమంది కలరు. వారిని నేను పరిహసింపను. మా యింటనే కలరు. అయినను ఒక్క మాట మనవి చేసికొందును. ఆగమములలో జీర్ణోద్ధారమను విధి యున్నది. దేవుని విగ్రహమే శిథిలమైనపుడు అందలి శక్తిని కలశములోనికి ఆవాహన చేసి, శిలావిగ్రహమైనచో నీట విడిచి, లోహవిగ్రహమైనచో కరిగించి, క్రొత్తమూర్తిని ప్రతిష్ఠింతురు. దేవునికి లేని పట్టుదల స్కూటరునకేల? మన అమ్మమ్మలు పగిలిన కంచుచెంబును కంచరికిచ్చి కరిగించి పోయించుకొనిరి. వారి మెడలోని గొలుసు మన కూతుళ్ల గాజులైనది. వస్తువును ప్రేమించుటయు, దానిని కరగనిచ్చుటయు వారికి పరస్పరవిరుద్ధములు కావు. నిమ్మకాయ కట్టి ఎలుకలకు వదలివేయుట మనము కనిపెట్టిన క్రొత్త భక్తి.

ఇంతవఱకు సులభము. కష్టమైన భాగ మిక మీదట వచ్చుచున్నది. బండికి వయస్సు చూచి తీర్పు చెప్పవలెనా, శక్తి చూచియా? ఢిల్లీప్రాంతమున పదియేండ్లు దాటిన డీజిలుబండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలుబండ్లను తిరుగనీయరాదను ఆజ్ఞలు 2014, 2015లలో హరితన్యాయస్థానమునుండి వచ్చినవి. 2018లో సుప్రీంకోర్టు వానిని నిలబెట్టినది. 2025 జులైలో అట్టి బండ్లకు ఇంధనము పోయరాదను ప్రయత్నము కొలది దినములలోనే ఆగిపోయినది. ఆ సంవత్సరమే ఆగస్టులో యజమానులపై బలవంతపుచర్యలు వలదని న్యాయస్థానము మరల చెప్పవలసి వచ్చినది. ఇన్ని మలుపులేల వచ్చినవి? వయస్సు ఒక గుఱుతు మాత్రమే, దోషము కాదు గనుక. వారమునకొకసారి దేవళమునకు పోవు వృద్ధదంపతుల కారును, దినమునకు మూడువందల కిలోమీటర్లు తిరుగు టాక్సీయు ఒకే యేట పుట్టినవైనను ఒకే యీడువి కావు. నన్నును ప్రభుత్వము అఱువదియొక్కటవయేట పరీక్షయేమియు లేక ఇంటికి పంపును. అయితే ఉపాధ్యాయుని ఊపిరితిత్తులలోనుండి పొగ రాదు గనుక ఆ పోలిక యిక్కడ ఆపెదను. దేశమంతటికి వర్తించు 2021 నాటి పద్ధతి పరీక్షను మూలముగ పెట్టుకొన్నది. అది న్యాయమైనది. పరీక్షించువాని చేయి చాచుగుణము లేకుండునట్లు యంత్రమే పరీక్షించుట ఇంకను న్యాయము.

కాని పొగ నిజము. మా నాయనగారి స్కూటరు రెండుస్ట్రోకుల యంత్రము. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. అందు కొంత కాలకయే వెనుకకు పోవును. భారత్ స్టేజి ఆఱవ ప్రమాణము 2020 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దానికి ముందరి బండ్లు, ముఖ్యముగ 2000కు పూర్వపువి, ఎంతయో అధికముగ విషవాయువులను విడుచును. అయితే ఈ పొగ ఎవరి ముక్కునకు చేరుచున్నది? హైదరాబాదులో వైద్యుడు పదియేండ్లు వాడిన కారు సూర్యాపేటలో వర్తకునికి వచ్చును. అక్కడినుండి కోదాడలో బాడుగకారగును. కడపట మావంటి పల్లెకు చేరి, తొమ్మండుగురు కూలీలను నాట్లకు మోయును. బండి పట్టణమునుండి పల్లెకు, కలవానినుండి లేనివానికి మెట్లు దిగుచు వచ్చును. దానితో దాని పొగయు, అరిగిన బ్రేకులును దిగివచ్చును. పట్టణము శుభ్రమగుట ఇట్లు జరుగుచున్నది. పాతబండి పేదవాని కాధారమని వాదించు మిత్రులు ఈ సంగతి మఱచుచున్నారు; ఆధారము, అపాయము రెండును ఒకే మూటలో కట్టి మనము వానికి దయచేయుచున్నాము.

అట్లని పేదవానిపై రుసుములు పెంచి బండిని లాగికొనుట పరిష్కారమా? పదునైదేండ్లు దాటిన మోటారుసైకిలు నమోదు పొడిగింపునకు మున్ను మూడువందల రూపాయలు. 2022 ఏప్రిల్ నుండి వెయ్యి. కారునకు ఆఱువందలుండగా అయిదువేలైనది. 2025 ఆగస్టులో, ఇరువదియేండ్లు దాటినవానికి ఇవి రెండువేలు, పదివేలు అయినవి. ఇచ్చు రాయితీ క్రొత్తబండి కొనువానికి. కాని మెట్టు చివరనున్నవాడు క్రొత్తబండి ఎన్నడును కొనడు. వాడు పాతబండి ఇచ్చి మఱియొక పాతబండి కొనును. డిపాజిట్ పత్రమును ఇతరులకు అమ్ముకొనవచ్చునని నిబంధనలలో నున్నది. ఇది మంచి యాలోచన. మా త్రిపురారపు ఆటోడ్రైవర్లలో ఈ సంగతి తెలిసినవాడు నాకొక్కడును కనబడలేదు. 2024లో మన రాష్ట్రప్రభుత్వమును పాతవాహనముల తొలగింపునకు ప్రోత్సాహకములను ప్రకటించినది; ఆ ప్రకటన ఆటో స్టాండు వఱకు నడచి రావలసియున్నది. పేదవాని వద్దనుండి తీసికొను బండి రహదారికి చేయు మేలులో కొంత వాని చేతిలోనే రొక్కముగ పడవలెను గాని, వానికెన్నడును పనికిరాని రాయితీగ గాదు.

ఇక బండిని విప్పువాని సంగతి. జాతీయపరిశ్రమ యనగానే మనకు పెద్ద యంత్రములు స్ఫురించును. 2018లో గ్రేటర్ నోయిడాలో సెరో కేంద్రమును, 2021 నవంబరులో నోయిడాలో మారుతీ టొయోట్సు కేంద్రమును వెలసినవి. అచట మొదట నూనెలు, ద్రవములు పీల్చివేసి, బ్యాటరీ తీసి, ఎయిర్‌బ్యాగులను నిర్వీర్యము చేసి, ఏసీలోని వాయువును పట్టి, ఆపైననే ఇనుమును నొక్కి కట్టలు కట్టుదురు. తరతరముల పాతయినుపకొట్టులో క్రమము వేఱు. నూనె నేలపాలు, తీగలను కాల్చి రాగి తీయుట, బ్యాటరీ పగులగొట్టి ఆమ్లమును కాలువలో పోసి సీసమును కరిగించుట. ప్రపంచమున ప్రతి ముగ్గురు పిల్లలలో నొకరి రక్తమునందు సీసము హెచ్చుగ నున్నదని 2020లో యునిసెఫ్ వారు ప్రకటించిరి. అందుకు చెప్పిన ముఖ్యకారణములలో బ్యాటరీలను ఇట్లు కరిగించుట యొకటి. సీసము బుద్ధిని మందగింపజేయును. తరగతిలో వెనుకబల్ల పిల్లవానిని మొద్దని తిట్టిన దినములు నాకును కలవు. ఆ వివరములు చదివినపిదప, ఇనుపకొట్టు ప్రక్కన ఇల్లున్న పిల్లవానిని నేనట్లు తిట్టలేకపోయితిని.

తెలియక విప్పుటకు దండన ఎట్టిదో 2010లో ఢిల్లీ మాయాపురి చూపినది. ఒక విశ్వవిద్యాలయము ఫిబ్రవరిలో వేలము వేసిన పాతపరికరమును ఇనుపసామానువారు కోసిరి. అందు కోబాల్టు అరువది యున్నది. ఏప్రిలునాటికి ఒక పనివాడు మరణించెను, మఱికొందరు జబ్బుపడిరి. అది వాహనము కాదు. అయినను నా స్కూటరునకు దానికి ఒక్కటే పోలిక: అమ్మినవారు అందేమున్నదో చెప్పలేదు.

అయినను ఆ పనివారిని తప్పుపట్టి, వారి స్థానమున యంత్రమును నిలుపుటయే సంస్కారమని నేననను. 1966లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్‌ను చూచినవారికి ఈ మాట అర్థమగును. లారీకి బాడీ కట్టుట, ఇంజను విప్పి బాగుచేయుట, పాతగేరుబాక్సులో ఏ పండ్లచక్రము మిగిలిన బండికి పనికివచ్చునో చేతితో తడవి చెప్పుట—ఇది కళాశాలలో చెప్పు విద్య కాదు. మంచి భాగమును బండినుండి తీసి మఱియొక బండికి వేయుట కరిగించుటకంటె ఉత్తమము. కరిగించుటకు నిప్పు కావలెను, వేఱొక బండికి బిగించుటకు పానా చాలును. కరిగించుటలోను లాభము లేకపోలేదు. ఒక టన్ను తుక్కు వాడినచో 1.1 టన్నుల ఇనుపఖనిజము, 630 కిలోల కోకింగు బొగ్గు, 55 కిలోల సున్నపురాయి మిగులునని 2019 నాటి ఉక్కుతుక్కు విధానమున కేంద్రము లెక్క చెప్పినది. ఆ బొగ్గులో అధికభాగము మనము విదేశములనుండి కొనుచున్నదే. కాని ఈ లెక్కను చూపి బాగుగ నడచుచున్న బండిని కూడ విఱుగగొట్టుమనుట క్రొత్తబండ్లు అమ్మువాని తర్కము. దేశహితమను పేరు పెట్టుకొని వచ్చు ప్రతి బేరమునందును బేరగాని హితము ఎంతయో విడదీసి చూచుట చదువరుల విధి.

నిబంధనలప్రకారము ఈ కేంద్రములను కంపెనీలే పెట్టవలెనని లేదు. ఒక వ్యక్తి గాని, సంస్థ గాని, సంఘము గాని, ట్రస్టు గాని పెట్టవచ్చును. లక్షరూపాయల రుసుము, పదిలక్షల బ్యాంకుహామీ కావలెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మెకానిక్కులును, ఇనుపకొట్టువారును కలిసి సహకారసంఘముగ ఏర్పడినచో ఈ మొత్తము అసాధ్యము కాదు. సిమెంటు కర్మాగారములకును, బియ్యపుమిల్లులకును తిరుగు లారీలు ఈ మూడూళ్లలో తక్కువగ లేవు. హైదరాబాదు–విజయవాడ జాతీయమార్గము సూర్యాపేట, కోదాడలమీదుగనే పోవుచున్నది. నేల గచ్చు చేసి, నూనెకు పీపాలు పెట్టి, బ్యాటరీలను లైసెన్సుగలవారికే పంపి, పనివానికి చేతితొడుగులు కొని యిచ్చినచో, నిన్నటి ఇనుపకొట్టువాడే రేపటి జాతీయపరిశ్రమ యగును. వానిని తొలగించి కట్టు పరిశ్రమకు ఆ విశేషణము నప్పదు.

మా మండలమున ఎక్కువగ కనబడు పాతబండి ట్రాక్టరు. 1967 ఆగస్టు 4వ తేదీని సాగరుకాలువలకు నీరు వదలినది మొదలు ఈ ప్రాంతము వరిపొలమైనది. వరితో ట్రాక్టరు వచ్చినది. 2025 నాటి పర్యావరణ నిబంధనలు వ్యవసాయపు ట్రాక్టర్లను, ట్రైలర్లను, వరికోత యంత్రములను, పవర్‌టిల్లర్లను మినహాయించినవి. రైతుపై భారము వేయరాదను తలంపు మంచిదే. దాని ఫలముగ దొడ్లలో, కాలువగట్లపై, తుమ్మచెట్లక్రింద తుప్పుపట్టిన ట్రాక్టర్లు అట్లే యుండును. వాని బ్యాటరీ సీసము, గేరునూనె మన పొలములోనికే దిగును. చట్టము అడుగలేదు గనుక మనమును చేయనక్కఱలేదను తర్కమునకు నేను మొదటి యుదాహరణమును. మఱియొకరికి ఉపదేశించు అధికారము నాకు లేదు. అయినను ఏ రైతైనను బడికి వచ్చి అడిగినచో బ్యాటరీనైన ముందు తీసి అంగడిలో ఇచ్చివేయుమని చెప్పుచున్నాను.

ఆ యువకుని నేను మరల వెదకికొని పోయితిని. మిల్లువెనుక క్యానులు దింపుచుండెను. సంగతి చెప్పితిని. వాడు భయపడలేదు, ఆలోచించి, “గిది మీకిచ్చేస్తే రేపటిసంది క్యాన్లు దేనిమీద ఏసుకపోవాలె సారూ?” అని యడిగెను. ఇంతవఱకు నేను వ్రాసిన వాదములలో ఒక్కటియు దానికి జవాబు కాలేదు. వాని మేనమామతో మాటాడితిని. ఏడేండ్లు మాత్రమే నడచిన టీవీఎస్ ఎక్సెల్ యొకటి ఇరువదిరెండు వేలకు వచ్చుచుండెను. అందు ఎనిమిది వేలు నేనిచ్చుటకును, స్కూటరును నాకు తిరిగి యిచ్చుటకును ఒప్పందమైనది. పదునెనిమిది వందలకు అమ్మినదానిని ఎనిమిది వేలకు తిరిగి కొన్నాడని మా యింట చాల దినములు నవ్విరి. ఆర్‌సీ కాగితములు ఈమాఱు వాని మేనమామ పేరిట మాఱువఱకు నేను ఊరకుండలేదు.

నమోదుకేంద్రమునకు స్కూటరు నప్పగించుటకు మా నాయనగారి వారసులమని చూపు పత్రము కావలెను. దానికి దరఖాస్తు పెట్టితిని. అంతవఱకు, వెనుకతొట్టి కోసివేయబడి, స్కూటరు మరల చింతచెట్టుక్రిందికే వచ్చినది. బ్యాటరీని, మిగిలిన నూనెను ముందే తీసివేయించితిని. ఈ దసరాకు దానికెవరును నిమ్మకాయ కట్టలేదు. మా చెల్లెలు మాత్రము తన కొడుకును సీటుమీద కూర్చుండబెట్టి ఫోటో తీసికొన్నది.